రెండు కిటికీల కెమెరా

ఒక కన్ను మూసికొని సూదిలో దారము ఎక్కించుటకు ప్రయత్నించిన వారికి ఒక సంగతి వెంటనే తెలియును. దారపు కొన సూది బెజ్జమునకు సరిగా ఎదురుగనే ఉన్నట్లు తోచును. తీరా గ్రుచ్చబోవునప్పటికి అది ముందుకో వెనుకకో తప్పిపోవును. రెండవ కన్ను తెరచినచో పని సులభమగును. మన కన్నులు రెండును సుమారు 6 సెంటీమీటర్ల ఎడముగా ఉన్నవి. ఒకే వస్తువును అవి రెండు వేర్వేరు కోణములనుండి చూచును. ఆ కొద్దిపాటి తేడాను బట్టియే మెదడు వస్తువు ఎంత దూరమున ఉన్నదో గ్రహించును.

కెమెరాకు ఉన్నది ఒకే కన్ను. అది తన కటకము. మరి ఎదుట నిలిచిన మనిషి రెండు మీటర్ల దూరమున ఉన్నాడో, మూడు మీటర్ల దూరమున ఉన్నాడో దానికెట్లు తెలియును? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున దొరకిన చక్కని సమాధానమే రేంజ్‌ఫైండరు, అనగా దూరమాపకము. తాతగారి కాలమునాటి కెమెరా ఇంటి బీరువాలో ఉన్నచో దానిని ఒకసారి బయటికి తీసి చూడవలెను. ముందువైపు, కటకమునకు పైన, ఎడముగా రెండు చిన్న కిటికీలు ఉన్నచో అది చాలవరకు ఈ జాతి కెమెరాయే. అట్టి కెమెరాను పాత సామానుల వానికి అమ్మవలెనా, బాగుచేయించి వాడవలెనా అను సందేహము చాలమందికి కలుగుచుండును. దానిని తీర్చుకొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన కాంతిశాస్త్రము, క్షేత్రగణితము చాలవరకు సరిపోవును.

దూరము తప్పినచో కలుగు నష్టము

కుంభాకార కటకము దూరపు వస్తువుల ప్రతిబింబమును తన నాభియందు ఏర్పరచును. వస్తువు దగ్గరకు వచ్చినకొలది ప్రతిబింబము కటకమునుండి వెనుకకు జరుగును. కెమెరాలో ఫిల్ము కదలదు గనుక కటకమునే ముందుకు జరుపవలెను. ఎంత జరుపవలెనో కటక సూత్రమే చెప్పును. నాభ్యంతరము 50 మి.మీ. ఉన్న కటకమును 10 మీటర్ల దూరములోని వస్తువు కొరకు పావు మిల్లీమీటరు, 2 మీటర్ల కొరకు సుమారు 1.3 మి.మీ., 1 మీటరు కొరకు సుమారు 2.6 మి.మీ. ముందుకు జరుపవలెను. ఇంత చిన్న కదలికపై బొమ్మ స్పష్టత అంతయు ఆధారపడి ఉన్నది.

అయితే ఎంత పొరపాటును సహింపవచ్చును? అది కటకద్వారము వెడల్పును బట్టి ఉండును. ఫిల్ముపై 0.03 మి.మీ. వెడల్పుగల చుక్క కంటికి బిందువు వలెనే కనబడునని భావించినచో, 50 మి.మీ. కటకమును ఎఫ్ 2 వద్ద పూర్తిగా తెరచి 2 మీటర్లకు అమర్చినప్పుడు, 1.91 మీటర్లనుండి 2.10 మీటర్ల వరకు ఉన్నవి మాత్రమే స్పష్టముగా పడును. అనగా జానెడు మేర కంటె ఎక్కువ లేదు. అదే కటకమును ఎఫ్ 11కు ముడిచినచో 1.6 మీటర్లనుండి 2.7 మీటర్ల వరకు అంతయు స్పష్టముగనే ఉండును. మిట్టమధ్యాహ్నపు ఎండలో దూరమును కంటితో అంచనా వేసినను చాలునని, సాయంకాలము దీపపు వెలుతురులో చాలదని దీనినిబట్టి తేలుచున్నది. దూరమాపకము అవసరమైనది ఈ రెండవ సందర్భముననే.

త్రిభుజము చేయు పని

దగ్గరకు పోకుండ దూరమును కొలుచు విద్య చాల పాతది. ఒక ఆధారరేఖను, దాని రెండు కొనలయొద్ద ఏర్పడు కోణములను కొలిచినచో త్రిభుజము పూర్తియగును. మిగిలిన భుజములు లెక్కకు వచ్చును. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపమున సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలిచి, దానిపై త్రిభుజములు అల్లుకొనుచు భారతదేశపు మహాసర్వేను ఆరంభించెను. 1838లో బెస్సెల్ అను జర్మను ఖగోళశాస్త్రజ్ఞుడు భూకక్ష్యనే ఆధారముగా గొని ఒక నక్షత్రపు దూరమును లెక్కించెను. యుద్ధనౌకలపైని దూరమాపకములు కూడ ఇదే సూత్రముపై పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలపు జపాను యుద్ధనౌక యమాటోపై ఉన్న దూరమాపకమునకు ఆధారము 15 మీటర్లు. కొలువవలసిన దూరము పెరిగినకొలది ఆధారము కూడ పెద్దదిగా ఉండవలెను.

కెమెరాలో ఆధారము ఒక కిటికీనుండి రెండవ కిటికీ వరకు గల ఎడము. అది కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. మొదటి కిటికీలోనుండి కన్ను దృశ్యమును నేరుగా చూచును. దారిలో 45 డిగ్రీల కోణమున ఒక పలుచని అర్ధదర్పణము ఉండును. అది కొంత వెలుతురును పోనిచ్చి కొంత వెలుతురును త్రిప్పును. రెండవ కిటికీలోనుండి వచ్చిన వెలుతురు అచ్చటి దర్పణముపై గాని పట్టకముపై గాని పడి, అడ్డముగా ప్రయాణించి, ఈ అర్ధదర్పణము మీదుగా కంటిని చేరును. కావున చూచువానికి దృశ్యము మధ్యభాగమున రెండు బింబములు ఒకదానిపై ఒకటి కనబడును. కటకపు వలయమును త్రిప్పుచుండగా దానితో ముడిపడిన మీట రెండవ దర్పణమును కదల్చును. బింబములు రెండును కలిసి ఒకటైన క్షణమున కటకము కూడ ఆ దూరమునకే అమరి ఉండును.

ఇందలి కోణములు ఎంత చిన్నవో గమనింపదగినది. ఆధారము 69 మి.మీ. అనుకొన్నచో, 1 మీటరు దూరములోని వస్తువు వద్ద ఏర్పడు కోణము 4 డిగ్రీలకు కొంచెము తక్కువ. 20 మీటర్ల వద్ద అది 0.2 డిగ్రీ మాత్రమే. దర్పణము ఎంత తిరిగిన పరావర్తన కిరణము దానికి రెట్టింపు తిరుగును గదా! కనుక 20 మీటర్లకును అనంతదూరమునకును మధ్య దర్పణము తిరుగవలసినది డిగ్రీలో పదవ వంతు. కెమెరా ఒకసారి బల్లమీదనుండి క్రిందపడినచో ఈపాటి తేడా వచ్చుట వింత కాదు.

కొంత చరిత్ర

కటకముతో ముడిపడిన దూరమాపకము గల తొలి కెమెరాను కొడక్ సంస్థ 1916లో తయారుచేసెను. అది పెద్ద మడత కెమెరా. చిన్న కెమెరాల చరిత్ర ఆస్కార్ బార్నాక్ అను జర్మను యంత్రనిపుణునితో ఆరంభమైనది. సినిమా ఫిల్మును అడ్డముగా నడపి, 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు గల బొమ్మ తీయు చిన్న కెమెరా నమూనాను ఆయన 1914 నాటికే తయారుచేసెను. దానిని వృద్ధిచేసి లైట్జ్ సంస్థ 1925లో లైకా పేరున అమ్మకమునకు పెట్టెను. మొదట అందు దూరమాపకము లేదు. విడిగా కొని పైన తగిలించుకొనవలసి వచ్చెడిది. 1932లో లైకా రెండవ నమూనాయందును, అదే సంవత్సరమున వచ్చిన జైస్ వారి కాంటాక్సునందును దూరమాపకము కటకముతో ముడిపడెను.

తరువాతి కథ పలు దేశములకు ప్రాకినది. ఖార్కోవ్ నగరమున అనాథ బాలల కొరకు ఏర్పడిన శ్రామిక సంఘము 1934లో లైకాకు ప్రతిగా ఫెడ్ అను కెమెరాలను తయారుచేయ మొదలిడెను. ఆ సంఘమును నడపినవారిలో ప్రసిద్ధ విద్యావేత్త మకరెంకో ఒకరు. యుద్ధానంతరము కాంటాక్సు యంత్రసామగ్రి కీవ్ నగరమునకు తరలగా అచ్చట కీవ్ కెమెరాలు పుట్టెను. జపానులో కేనన్, నికాన్ సంస్థల తొలి ప్రతిష్ఠ ఈ జాతి కెమెరాలతోనే కలిగెను. 1954లో వచ్చిన లైకా ఎం3 ఈ పద్ధతిని పరాకాష్ఠకు చేర్చినదని చెప్పుదురు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రి కార్టియే-బ్రెసన్ తన చిన్న లైకాతో 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీమహాత్ముని కలిసికొనెను. మహాత్ముడు హత్యకు గురియైనది ఆ సాయంకాలమే.

1959లో నికాన్ ఎఫ్ వచ్చిన పిమ్మట, కటకములోనుండియే చూచు రిఫ్లెక్సు కెమెరాలు ముందుకు వచ్చెను. దీనికి కారణము కలదు. పొడుగు కటకము వాడినప్పుడు రిఫ్లెక్సు కెమెరాలో బింబము కూడ పెద్దదగును గనుక స్పష్టతను సులభముగా చూడవచ్చును. దూరమాపకపు ఆధారము మాత్రము మారదు. అందుచే 135 మి.మీ.కు మించిన కటకములకు అది సాధారణముగా చాలదు. అయినను ఈ పద్ధతి అంతరింపలేదు. 2004లో ఎప్సన్ సంస్థ దూరమాపకము గల డిజిటల్ కెమెరాను తెచ్చెను. లైకా సంస్థ 2022లో ఎం6 అను తన పాత ఫిల్ము కెమెరాను తిరిగి విడుదల చేసెను.

పాత కెమెరా చేతికి వచ్చినప్పుడు

మొట్టమొదట పరీక్షింపవలసినది షట్టరు. ఫిల్ము లేకుండ కెమెరా వెనుక మూత తెరచి, షట్టరును అన్ని వేగములలోను పనిచేయించి చూడవలెను. జోర్కీ, ఫెడ్ మొదలగు సోవియటు కెమెరాలలో మీట త్రిప్పి షట్టరును బిగించిన తరువాతనే వేగపు బిళ్ళను మార్చవలెను. అటుగాక ముందే మార్చినచో లోపలి యంత్రము చెడు ప్రమాదము కలదు. ఒక సెకను వేగము వద్ద షట్టరు తెరచుకొని మధ్యలో ఆగిపోయినను, సాగదీసి మూసికొనినను విరిగినదని నిరాశ చెందనక్కరలేదు. ఏండ్ల తరబడి వాడనందున లోపలి నూనె జిగురుగా మారును. నిపుణుడు విప్పి, కడిగి, తగిన నూనెను చుక్కలుగా వేసినచో మరల నడచును. పైనుండి నూనె పోయుట మాత్రము ఎన్నడును కూడదు. అది షట్టరు రేకులమీదికి ప్రాకి వానిని అతికించును.

షట్టరు తెర గుడ్డతో చేసినదైనచో చీకటిగదిలో దానివెనుక చిన్న దీపము నుంచి చూడవలెను. సూదిమొన వంటి వెలుగుచుక్కలు కనబడినచో తెరకు చిల్లులు పడినవన్నమాట. ఈ చిల్లులకు తరచుగా సూర్యుడే కారణము. రిఫ్లెక్సు కెమెరాలో దర్పణము అడ్డముండును. ఇందు కటకమునకును తెరకును నడుమ ఏమియు లేదు. 50 మి.మీ. కటకము తెరపై ఏర్పరచు సూర్యబింబపు వ్యాసము అర మిల్లీమీటరు లోపు. ఎఫ్ 2 వద్ద 25 మి.మీ. ద్వారమున ప్రవేశించు ఎండ అంతయు ఆ చుక్కపై పడినచో, కటకములో పోవు నష్టమును లెక్కింపకున్న, అది సుమారు 2,900 రెట్లు తీవ్రమగును. భూతద్దముతో కాగితము కాల్చిన బాలురందరికి ఫలితము తెలిసినదే. ఎండలో తిరుగునప్పుడు కటకమునకు మూత పెట్టవలెను. లేనిచో కటకమును నేలవైపు త్రిప్పి పట్టుకొనవలెను. అయితే బొమ్మ తీయునప్పుడు మూతను తీయుట మరువరాదు. చూచు కిటికీ వేరు గనుక మూత పెట్టియున్నను దృశ్యము చక్కగా కనబడుచునే ఉండును!

కొనదలచినవారికి ఒక హెచ్చరిక అవసరము. ఫెడ్, జోర్కీ కెమెరాలపై లైకా పేరు చెక్కి, బంగారుపూత పూసి అధిక ధరలకు అమ్ముట కలదు. కటకమును విప్పి లోపల పైభాగమున చూచినచో దూరమాపకపు మీట కొన కనబడును. అసలైన లైకాలో ఆ కొనయందు గుండ్రని చిన్న చక్రము ఉండును. నకలునందు సాధారణముగా చదునైన లోహపు నాలుక ఉండును.

బింబములు కలియనప్పుడు

దూరమాపకము సరిగా ఉన్నదో లేదో తెలియుటకు కనీసము ఒక కిలోమీటరు దూరములోని గోపురమునో స్తంభమునో, లేదా చంద్రునో చూడవలెను. కటకము అనంతపు గుర్తు వద్ద ఉండగా రెండు బింబములు కలియవలెను. అవి ప్రక్క ప్రక్కన ఉన్నచో అడ్డపు దోషము. క్రిందుమీదుగా ఉన్నచో నిలువు దోషము. నిలువు దోషము కంటికి చిరాకు కలిగించునే గాని కొలతను చాలవరకు చెడగొట్టదు. అడ్డపు దోషము మాత్రము దూరమునే తప్పుగా చూపును.

అడ్డపు దోషము కనబడగానే మర త్రిప్పుటకు పూనుకొనరాదు. దూరమాపకము సాక్షి మాత్రమే. అసలు నిజము ఫిల్ముపై పడు బింబము. కనుక ముందుగా దానినే పరీక్షింపవలెను. కెమెరాను కదలకుండ నిలిపి, వెనుక మూత తెరచి, ఫిల్ము ఆనుకొను పట్టాలపై గరుకుటద్దపు ముక్కను గరుకువైపు కటకమునకు ఎదురుగా నుంచవలెను. షట్టరును తెరచిపట్టి, కటకద్వారమును పూర్తిగా తెరచి, దూరపు స్తంభము స్పష్టముగా పడుచున్నదేమో భూతద్దముతో చూడవలెను. స్పష్టముగా పడినచో తప్పు దూరమాపకమునదే. పడనిచో తప్పు కటకమునందో అది కూర్చున్న చోటనో ఉన్నది; అట్టిస్థితిలో దూరమాపకమును సవరించినచో ఒక తప్పునకు రెండు తప్పులగును. అనంతము సరియైన పిమ్మట టేపుతో సరిగా 1 మీటరు కొలిచి, అచ్చట కూడ ఇట్లే పరీక్షింపవలెను.

కటకము కూర్చున్న చోటు ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ వలన తెలియును. పాత లైకా మర కటకములలో కటకపు పీటనుండి ఫిల్ము వరకు 28.8 మి.మీ. దూరము ఉండవలెను. ఎం జాతి లైకాలలో అది 27.8 మి.మీ. కనుక పాత కటకమును క్రొత్త కెమెరాకు తగిలించు వలయము మందము సరిగా 1 మి.మీ. ఉండవలెను. అది ఇసుమంత హెచ్చుతగ్గులైనను బొమ్మ మసకబారును.

రెండవ బింబము వెలవెలబోయినచో అర్ధదర్పణపు పూత వయసుతో చెడినదని గ్రహింపవలెను. దానిని దూదితో తుడువబోయినచో మిగిలిన పూత కూడ ఊడివచ్చును. తాత్కాలికముగా ఒక చిట్కా కలదు. చూచు కిటికీ ముందర సరిగా మధ్యన, రెండవ బింబము పడుచోట, నల్లని అంటుకాగితపు చిన్న ముక్కను అంటించినచో నేరుగా వచ్చు వెలుతురు తగ్గి, రెండవ బింబము ప్రస్ఫుటమగును.

బూజు, బ్యాటరీ, ఎండ

మన కోస్తా ప్రాంతములందలి ఉక్క కటకములకు గొప్ప శత్రువు. తేమగాలిలో అద్దముపై సాలెగూడు వంటి బూజు పెరుగును. ముదిరినచో పూతను, అద్దమును కూడ తినివేయును. తోలుసంచి తేమను పీల్చి నిలుపును గనుక కెమెరాను అందు దాచుట మంచిది కాదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ గుళికలతో ఉంచవలెను. గుళికల రంగు మారినప్పుడు వెచ్చచేసి తేమను పోగొట్టి మరల వాడవచ్చును. సాపేక్ష ఆర్ద్రత 40నుండి 50 శాతము ఉండుట మేలు. అన్నిటికంటె మంచి మందు కెమెరాను తరచుగా బయటికి తీసి వాడుటయే.

1960, 1970 దశకములలో వచ్చిన కొన్ని కెమెరాలలో కాంతిమాపకమునకు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ వాడెడివారు. పాదరసము విషము గనుక వాని తయారీ నిలిచినది. జపానులోని మినమాటా పట్టణము పేరున ఏర్పడి 2017లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందము ఈ విషయమునకు సంబంధించినదే. బదులుగా 1.5 వోల్టుల బ్యాటరీ వేసినచో కొన్ని కాంతిమాపకములు ఉన్నదానికంటె ఎక్కువ వెలుతురు చూపును, బొమ్మ నల్లబడును. చెవిటివారి యంత్రములలో వాడు జింకు-గాలి బ్యాటరీ సుమారు 1.4 వోల్టులు ఇచ్చును గనుక అది దగ్గరి ప్రత్యామ్నాయము.

కాంతిమాపకము బొత్తిగా పనిచేయకున్నను దిగులులేదు. నిర్మలమైన ఎండలో వేగము 100 గల ఫిల్మునకు ద్వారము ఎఫ్ 16, షట్టరు సెకనులో 125వ వంతు సరిపోవును. మబ్బు పట్టినచో ఎఫ్ 8కి తెరువవలెను. దూరమాపకము చెడియున్నను, 50 మి.మీ. కటకమును ఎఫ్ 11 వద్ద 7.5 మీటర్లకు అమర్చినచో దాదాపు 3.8 మీటర్లనుండి అనంతము వరకు అంతయు స్పష్టముగా పడును. అనగా బాగుచేయువాడు దొరకువరకు కూడ ఆ కెమెరా ఎండలో పనికివచ్చుచునే ఉండును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

దూరమాపకమును విద్యార్థులే తయారుచేయవచ్చును. ఒక పొడవాటి చెక్కపై రెండు చిన్న అద్దముముక్కలను 30 సెం.మీ. ఎడముగా నిలబెట్టవలెను. మొదటిది కంటి ఎదుట 45 డిగ్రీలలో స్థిరముగా ఉండవలెను. దాని ఎత్తు తక్కువగా ఉండి, పైనుండి నేరుగా కూడ చూచుటకు వీలు కలుగవలెను. రెండవది దానికి సమాంతరముగా, ఎదురెదురుగా ఉండి, ఒక మేకుపై తిరుగునట్లు అమర్చి, దానికి 30 సెం.మీ. పొడవు గల పుల్లను ముల్లుగా బిగించవలెను. బహుదూరములోని వస్తువు పైభాగమున నేరుగాను, క్రిందిభాగమున అద్దములోను తెగకుండ ఒకటిగా కనబడునప్పుడు ముల్లు ఉన్నచోట సున్న గుర్తు పెట్టవలెను.

ఇప్పుడు 1.5 మీటర్ల దూరమున ఒక కర్రను నిలిపి, రెండు భాగములు కలియువరకు అద్దమును త్రిప్పినచో ముల్లు సున్ననుండి సుమారు 30 మి.మీ. జరుగును. 3 మీటర్లకు 15 మి.మీ., 6 మీటర్లకు 7.5 మి.మీ., 12 మీటర్లకు 4 మి.మీ. లోపు మాత్రమే జరుగును. దూరము రెట్టింపైనప్పుడెల్ల కదలిక సగమగుచున్నది. కటకపు వలయముపై 1 మీటరు, 2 మీటర్ల అంకెలు ఎడమెడముగాను, 10 మీటర్లు, అనంతము ప్రక్కప్రక్కనే ఇరుకుగాను ఎందుకు చెక్కబడినవో విద్యార్థులకు అప్పుడు చెప్పకయే తెలియును.

ఈ ప్రయోగము చేసిన బాలుడు ఇంటికి పోయి బీరువాలోని పాత కెమెరాను చేత పట్టినచో దానిని పాత సామానుగా చూడడు. ఆ రెండు కిటికీల నడుమ ఒక త్రిభుజము ఉన్నదని, మూడవ శీర్షమున బొమ్మకై నిలుచున్న మనిషి ఉన్నాడని అతనికి తెలియును. తెలిసినవాని చేతిలో యంత్రము త్వరగా పాడుకాదు. పాడైనను బాగుచేయు దారి కనబడును.